ఎర్ర గుర్తు పెట్టిన చీటీ

బర్మామైన్స్, జంషెడ్‌పూర్
18 జూన్ 2006

ఆనందక్కకు తోమాస్ వందనాలు.

మొదట్లో అందరం క్షేమం అని రాయడం మన ఇంటి అలవాటు కాబట్టి రాస్తున్నాను. మీ మరదలు క్రిస్టీ క్షేమం. నీ మేనకోడలు ప్రిస్సీ క్షేమం. నా సంగతి నువ్వే చెప్పాలి, అందుకే ఈ ఉత్తరం.

రాంచీ సర్కారు ఆసుపత్రిలో నా సీడీ4 లెక్క చెప్పారు. 231. ఫిబ్రవరిలో నాకు హెచ్.ఐ.వి. ఉందని తేలిన దగ్గర్నుంచీ ఈ ఒక్క అంకె కోసం కాళ్ళరిగేలా తిరిగాను. రెండువందల కంటే కింద ఉంటే సర్కారు మందు ఉత్తినే ఇస్తుంది. పైన ఉంటే ఇవ్వదు. నాది పైన ఉంది. డాక్టరు కాయితం చూసి, "తోమాస్ జీ, అభీ నహీ. ఛే మహీనే బాద్ ఆయియే" అన్నాడు, ఇప్పుడే కాదు, ఆర్నెల్లాగి రమ్మని. అంటే ఇంకో ముప్ఫై రెండు తగ్గించుకుని రమ్మంటారా అని అడిగాను. ఆయన నా వంక ఒకసారి చూసి తరవాతి నంబరు పిలిచాడు. అక్కడ పేర్లు పిలవరు, నంబర్లే పిలుస్తారు. ఆ మర్యాద ఒక్కటీ ఉంది.

ఇదెక్కడి పద్ధతి అక్కా? ఇల్లు కాలడం మొదలైంది గానీ పైకప్పు దాకా అంటుకోలేదు, అంటుకున్నాక చెప్పండి, నీళ్ళు తెస్తాం అన్నట్టుంది. పోయిన ఏడాది కుట్టించిన ప్యాంటు ఇప్పుడు బెల్టు లేకుండా నిలవడం లేదు. ఆ మాట చెబితే అది కొలత కాదంటారు. పొద్దున్నే బస్సెక్కి నాలుగు గంటలు పోయి, మూడు గంటలు నిలబడి, మళ్ళీ నాలుగు గంటలు వచ్చి తెచ్చుకున్న మాట "అభీ నహీ".

బయట కొనుక్కోవచ్చు కదా అంటావేమో. ఒకసారి మొదలుపెడితే బతికినన్నాళ్ళూ ఒక్క పూట మానకూడదట. గమ్హరియాలో మా ఫౌండ్రీ ఏ నెల నడుస్తుందో ఏ నెల మూతపడుతుందో దాని యజమానికే తెలీదు. దాన్ని నమ్ముకుని అలాంటి మందు ఎలా మొదలుపెట్టను?

క్రిస్టీకీ ప్రిస్సీకీ పరీక్షలో లేదని వచ్చింది. దేవుడు ఆ ఒక్కటి నా మాట విన్నాడు. ఇది నాకెలా వచ్చిందో నువ్వు అడగలేదు. అడగనందుకు నీకు రుణపడి ఉంటాను.

నువ్వు పాతికేళ్ళుగా ఆసుపత్రి ల్యాబ్‌లో జనం రక్తం చూస్తున్నదానివి. 231 అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా రాయి. ఫోన్ చెయ్యకు. మా వీధిలో ఫోనంటే అప్పన్న టెలిఫోన్ బూత్ ఒక్కటే. అక్కడ మాట్లాడితే నా ఒంట్లో కణాల సంగతి ఆదివారానికి చర్చిలో ప్రార్థన విన్నపం అయిపోతుంది.

నీ తమ్ముడు
తోమాస్


విజయనగరం
2 జూలై 2006

తమ్ముడూ,

నీ ఉత్తరం ల్యాబ్‌లోనే చదివాను. చదువుతూ ఒకామె ట్యూబు మీద ఇంకొకామె పేరు రాయబోయాను. ఇక మీద నీ ఉత్తరాలు ఇంటికే రాయి.

విను. సీడీ4 అంటే తెల్లకణాల్లో ఒక రకం. జబ్బు వస్తే మిగతా కణాలకి పని పురమాయించేవి అవే. ఈ వైరస్ సరిగ్గా వాటిలోనే దూరి వాటినే తినేస్తుంది. అవి ఎన్ని మిగిలాయో చూసి, జబ్బు ఎంత దూరం వచ్చిందో, ఇక ముందు ఎంత తొందరగా ముదురుతుందో అంచనా కడతారు. అమ్మ కిరసనాయిలు స్టవ్‌ని కుదిపి చూసేది, గుర్తుందా? మంట బాగానే ఉంది కదా అని ఊరుకునేది కాదు. ఇదీ అంతే. ఒంట్లో ఓపిక ఉందా లేదా అన్నది వేరు, లోపల ఎంత మిగిలిందన్నది వేరు.

నీకు కోపం వచ్చిందని అర్థమైంది. నాకూ వచ్చింది. కానీ ఒక్క లెక్క పట్టుకుని ఎవరూ ఏమీ చెప్పలేరు. పొద్దున ఒకటి వస్తుంది, సాయంత్రం ఇంకొకటి వస్తుంది. జలుబు చేస్తే మరొకటి. ఒక ల్యాబ్‌కీ ఇంకో ల్యాబ్‌కీ తేడా. వరసగా నాలుగైదు లెక్కలు ఉంటే గీత ఎటు పోతోందో తెలుస్తుంది. ఆ గీతే అసలు సంగతి.

ఇంకో మాట. నీ చీటీలో ఆ పెద్ద అంకె పక్కన చిన్నగా శాతం అని ఉంటుంది. వంద లింఫోసైట్లలో, అంటే సీడీ4 చేరిన ఆ తెల్లకణాల జాతిలో, సీడీ4 ఎన్ని అని. పెద్ద అంకె చిన్న జ్వరానికే ఎగిరిపడుతుంది, శాతం అంత తొందరగా ఎగరదు. నాకు రెండూ కావాలి. రక్తం ఇచ్చిన తేదీ, టైము, ఆ రోజు ఒంట్లో ఎలా ఉందో కూడా రాయి. నా మందుల బీరువా తలుపుకి లోపల గ్రాఫు కాయితం అంటించాను. మొదటి చుక్క పెట్టాను. మీ బావగారు అదేమిటని అడిగితే షుగరు అని చెప్పాను.

ప్రతి చీటీ పంపాలి. ఒకటి పంపి ఒకటి మానెయ్యడం కాదు. నీ చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డు సంగతి నేను మర్చిపోలేదు.

గుడ్డు తిను. నీళ్ళు కాచి తాగు. క్రిస్టీని కసురుకోకు.

అక్క


బర్మామైన్స్
14 జనవరి 2007

అక్కా,

ఆర్నెల్లు ఆగమన్నారు, ఆగాను. డిసెంబరు పన్నెండు మంగళవారం రాంచీ వెళ్ళాను. కౌంటర్లో పిల్ల తలెత్తకుండా "మెషీన్ ఖరాబ్ హై" అంది. ఎప్పటికి బాగవుతుంది? తెలీదు. ఏదో పార్టు రావాలి. ఎక్కడినుంచి? తెలీదు. ఆ రోజు అక్కడ మాలాంటివాళ్ళం నలభైమందిమి. చాయిబాసా నుంచి ఒక ముసలాయన ముందురోజే బయల్దేరి వచ్చాడు. ఆయన మెషీన్ గది తలుపు దగ్గరకి వెళ్ళి దాన్ని ఒకసారి చూసి వచ్చి కూర్చున్నాడు.

బయట ల్యాబ్‌లో చేయించుకుని చీటీ తెస్తే ఒప్పుకుంటామన్నారు. మా ఊళ్ళో రక్తం తీసుకుని కలకత్తా పంపే సెంటర్లు ఉన్నాయి. చేయించాను. 219 వచ్చింది. మొన్న తొమ్మిదో తారీకున అది పట్టుకుని రాంచీ పోయాను. డాక్టరు పాత కాయితం పక్కన పెట్టి చూశాడు. 231, 219. "స్టేబుల్ హై. ఛే మహీనే బాద్." మళ్ళీ అదే పాట. నాకు ఒళ్ళు మండిపోయింది. మందు ఇవ్వడానికి వీళ్ళకేం నొప్పి? వాళ్ళ ఇంట్లోంచి ఇస్తున్నారా? ఇంటికొచ్చి ఆ కోపమంతా క్రిస్టీ మీద చూపించాను. వద్దన్నావు, అయినా చూపించాను.

శాతం అడిగావు. మొదటి చీటీలో 14. ఈ చీటీ రాంచీ ఫైల్లో పెట్టేసుకున్నారు, చిన్న అంకె గుర్తు లేదు.

ఫౌండ్రీలో కొత్త మేనేజరు వచ్చాడు, ఉమామహేశ్వర్ గారని. మన తెలుగాయనే, బారిడీహ్‌లో ఉంటాడు. నా పని నీకు తెలుసు కదా, కరిగిన లోహంలో పొడవాటి గరిటె ముంచి, కొంచెం తీసి చిన్న అచ్చులో పోస్తాను. గట్టిపడితే రూపాయి బిళ్ళంత ముద్ద వస్తుంది. అది పరీక్ష చేసి పాస్ అంటేనే లోహం బయటికి పోతుంది. ఈయన వచ్చి, "తోమాస్, మూడుసార్లు ఎందుకు? ఒక్క శాంపిల్ చాలదా, టైం వేస్ట్ కదా" అన్నాడు.

"సార్, మూడూ తీత్తాం. రెండు కలిసి ఒకటి దూరంగా వత్తే ఆ ఒక్కటి తప్పు, గలత్ శాంపిల్. దానిమీద ఎర్ర సుద్దతో గుర్తెట్టి డబ్బాలో పడేత్తాం. పందొమ్మిదేళ్ళుగా ఇదే చేత్తన్నాం. మా దగ్గర్నుంచి వెళ్ళిన మాల్ ఒక్కటీ వాపస్ రాలేదు" అన్నాను.

ఆయన సరే అన్నాడు. ఇనుమ్ముక్కకి మూడుసార్లు చూస్తాం. మనిషికి ఒక్కసారి చూసి పొమ్మంటారు. అదే నా బాధ.

తోమాస్


విజయనగరం
28 జనవరి 2007

తమ్ముడూ,

చాలా రోజుల తర్వాత ఇవాళ అన్నం సయించింది. 231 నుంచి 219 అంటే అది తగ్గుదల కిందికి రాదు. అదే ట్యూబు రెండుసార్లు పెట్టినా అంత తేడా వస్తుంది. రెండో చుక్క పెట్టి గీత కలిపాను. దాదాపు చదునుగా ఉంది. ఆర్నెల్లలో ఇంత తక్కువ కదిలిందంటే నీ జబ్బు నెమ్మదిగా నడుస్తోందన్నమాట.

నీకు కోపం వస్తుందని తెలిసీ రాస్తున్నాను. రాంచీ డాక్టరు చెప్పింది సబబే. ఆగు. ఆ మందులు కూడా తేలికవేమీ కావు. ఎన్నాళ్ళు ఆగగలిగితే అన్నాళ్ళు ఆగడం మంచిదే. ఊరికే కంగారుపడి ఈ ల్యాబూ ఆ ల్యాబూ తిరగకు.

శాతం లేకపోవడం ఒక్కటే నాకు పంటికింద రాయిలా ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు ఫైల్లో చూసి రాసుకురా. మర్చిపోకు.

మేనేజరుకి బాగా చెప్పావు. మా డాక్టర్లకీ ఎవరైనా అలా చెబితే బాగుండును.

అక్క


బర్మామైన్స్
22 మార్చి 2007

అక్కా,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. ఎడమ కన్ను మూసుకుని రాస్తున్నాను.

పది రోజుల కింద నుదుటి మీద ఎడమ పక్క మంట మొదలైంది. తరవాత నీటి పొక్కులు లేచాయి. పక్కింటి సూర్యకాంతమ్మ గారు చూసి, "ఇది సర్పి నాయనా, ఇంగ్లీసు మందుకి లొంగదు" అని జేగురు నూరి పూసింది. పాస్టరు గారి కంటపడకుండా మూడు రోజులు పూయించుకున్నాను. పొక్కులు ఎండాయి. కనురెప్ప మీదికి కూడా వచ్చాయి గానీ అవీ ఎండుతున్నాయి. వెలుతురు చూస్తే కన్ను గుచ్చుకుంటోంది. తగ్గిపోతుందిలే.

మిగతాదంతా మామూలే. జూన్ దాకా ఆగాలి కదా, ఆగుతున్నాను. ఆగడంలో నేను బాగా ఆరితేరాను.

ప్రిస్సీ ఏడో క్లాసు పాసైంది. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతోంది. నీకు ఉత్తరం రాయమంటే "క్యా లిఖూ?" అంటోంది, ఏం రాయాలట.

తోమాస్


విజయనగరం
30 మార్చి 2007

తోమాసూ,

ఉత్తరం అందిన గంటలోనే రాస్తున్నాను. ఇది నీ చేతికి చేరేలోపే నువ్వు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే బాగుండును. సర్పి కంటి మీదికి వస్తే చూపు పోతుంది. జేగురుతో తగ్గేది కాదు. సూర్యకాంతమ్మ గారికి తెలియక పూసింది, నువ్వు తెలిసీ పూయించుకున్నావు. పది రోజులు నాకు చెప్పకుండా ఎలా ఉన్నావురా?

ఇప్పుడు అసలు సంగతి. హెచ్.ఐ.వి. ఉన్న నీ వయసు మనిషికి సర్పి ఇంత గట్టిగా లేచిందంటే, కణాలు తగ్గిపోతున్నాయని ఒళ్ళు చెబుతున్నట్టు. నీ 219 దీనితో కలవడం లేదు. రోగికీ రిపోర్టుకీ పొత్తు కుదరకపోతే మా ల్యాబ్‌లో నేను మొదట అడిగే మాట ఒకటుంది. ఇంకో చీటీ ఏమైనా ఉందా అని.

నాకు పొద్దుట్నుంచీ అదే ఆలోచన. నువ్వు ఇనుమ్ముక్కని మూడుసార్లు చూసే మనిషివి. నీ సొంత రక్తం డిసెంబరులో ఒక్కసారే చూపించావంటే నేను నమ్మను. మా మేనేజరుతో ఇలా వాదించాను అలా వాదించానని నాలుగు పేరాలు రాసినవాడివి, నీ పరీక్ష సంగతి నాలుగు ముక్కల్లో తేల్చేశావు.

ఎన్ని చీటీలు ఉన్నాయి? ఉన్నవన్నీ పంపు. తిట్టనని మాట ఇవ్వలేను. పంపు.

అక్క


బర్మామైన్స్
9 ఏప్రిల్ 2007

అక్కా,

మూడు.

రాంచీలో మెషీన్ పాడైందని చెప్పాక డిసెంబరు పద్నాలుగున సాక్చీలో ఒక సెంటర్లో రక్తం ఇచ్చాను. వారానికి చీటీ వచ్చింది. 168. అది పట్టుకుని సాక్చీ గోల్‌చక్కర్ కూడలి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆర్నెల్లుగా నేను ఏడిచింది ఆ అంకె కోసమే కదా. రెండువందల కింద. మందు ఇస్తారు. సంతోషపడాలి. కానీ చీటీ మడిచి జేబులో పెట్టి, తీసి మళ్ళీ అదే అంకె చదివాను. జబ్బు ఉందని ఫిబ్రవరి నుంచీ నోటితో అంటున్నాను గానీ నిజంగా నమ్మింది ఆ గోల్‌చక్కర్ దగ్గరే. నమ్మిన అరగంటకి నమ్మడం మానేశాను.

ఇది గలత్ శాంపిల్ అనుకున్నాను. ట్యూబు కలకత్తా దాకా పోయింది, దారిలో పాడై ఉంటుంది, ఎవరిదో నాది అయి ఉంటుంది అనుకున్నాను. డిసెంబరు ముప్ఫైన బిష్టుపూర్లో ఇంకోచోట ఇచ్చాను. 219. మొదటిది 231, ఇది 219. రెండు కలిశాయి. ఒకటి దూరంగా ఉంది. ఇంక నాకు ఆలోచించేదేముంది? పందొమ్మిదేళ్ళుగా చేసిందే చేశాను. ప్రిస్సీ పుస్తకాల సంచిలోంచి ఎర్ర పెన్సిలు తీసుకుని 168 మీద అడ్డంగా గుర్తు పెట్టి, ఫౌండ్రీకి తీసుకెళ్ళి తప్పు శాంపిళ్ళ డబ్బాలో పడేశాను. 219 పట్టుకుని రాంచీ పోయి, మందు ఎందుకివ్వరని దెబ్బలాడాను.

బిష్టుపూర్లో రక్తం ఇచ్చిన రోజు నాకు జలుబు, జ్వరం. ఒంట్లో బాగుందా అని అక్కడివాడు అడిగితే బాగుందన్నాను.

నీ ఉత్తరం చదివాక డబ్బాలోంచి ఆ చీటీ తీసి ఇంటికి తెచ్చి క్రిస్టీ ముందు పెట్టాను. క్రిస్టీకి అంకెలు తెలుసు, రాంచీ రూలు నా నోటెంట వినీ వినీ ఆమెకి కంఠతా వచ్చేసింది. ఒకసారి చదివి, "ఏటండీ ఇది?" అంది. తరవాత, "మూడు నెల్లు రాంచీవోళ్ళని తిట్టినారు. మందియ్యట్లేదు మందియ్యట్లేదని ఇల్లంతా నెత్తినెట్టుకున్నారు. మందు చీటీ మీ డబ్బాలోనే ఉందేటి?" అంది. ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. ప్రిస్సీ ఆ చీటీ చూసి, "పాపా, మేరీ రెడ్ పెన్సిల్ ఆప్‌నే లీ థీ?" అని అడిగింది. పాపం, అది మూణ్ణెల్లుగా ఆ పెన్సిలు వెతుకుతోంది.

రాంచీ మీద నాకున్న కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు.

కంటి డాక్టరు చూశాడు. నల్లగుడ్డు మీద మచ్చ పడిందట. చుక్కలు ఇచ్చాడు. ఆలస్యంగా వచ్చావన్నాడు.

చీటీలు మూడూ ఇందులో పెడుతున్నాను. రాంచీ ఫైల్లో ఉండిపోయిందన్నది అబద్ధం. వాళ్ళు రాసుకుని తిరిగి ఇచ్చేశారు.

తోమాస్


విజయనగరం
17 ఏప్రిల్ 2007

తమ్ముడూ,

మూడు చీటీలూ టేబులు మీద పరిచాను. పెద్ద అంకెలు 231, 168, 219. పైకీ కిందకీ ఊగుతున్నాయి. నువ్వు ఏరుకున్నట్టే ఎవరైనా ఏరుకుంటారు. ఇప్పుడు చిన్న అంకెలు చదువుతున్నాను. 14, 11, 10. ఇందులో ఊగేది ఏమీ లేదు. మెట్లు దిగినట్టు దిగుతోంది.

219 వచ్చిన రోజు నీకు జ్వరం. జ్వరానికి మొత్తం లింఫోసైట్లు పెరిగాయి, వాటితో పాటు ఈ లెక్కా పెరిగినట్టు కనబడింది. వందలో నీ వంతు మాత్రం ఇంకా తగ్గింది. గలత్ శాంపిల్ 168 కాదురా. గలత్ శాంపిల్ 219. నువ్వు మంచిదాన్ని డబ్బాలో పడేసి చెడ్డదాన్ని రాంచీ పట్టుకెళ్ళావు.

తిట్టడానికి కూర్చున్నాను. రెండు కాయితాలు తిట్టి చించేశాను. ఎందుకంటే జనవరిలో శాతం లేకుండా గీత గీసింది నేను. ఆగమని రాసింది నేను. రెండు చుక్కలు కలిపి చదునుగా ఉంది అన్నాను. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్ల అలాంటి రిపోర్టు తెస్తే మొహం వాచేలా చీవాట్లు పెడతాను. నీకు 219 కావాలనిపించింది. నాకూ అదే కావాలనిపించింది, అందుకే ఒక్క ప్రశ్న వేసి ఊరుకున్నాను. పాతికేళ్ళ నౌకరీ నన్నేం కాపాడింది?

ఇది అందాక వచ్చే మొదటి మంగళవారమే రాంచీ వెళ్ళు. మూడు చీటీలూ తిరిగి పంపుతున్నాను. మూడూ చూపించు. సర్పి వచ్చిందని, కన్ను సంగతి, బరువు తగ్గిందని, జ్వరం దాచానని, అన్నీ చెప్పు. సిగ్గుపడకు. సిగ్గుతో ఇప్పటికే నాలుగు నెలలు పోయాయి. మెషీన్ బాగయిందో లేదో నాకు తెలీదు. బాగవకపోతే అక్కడే కూర్చో, లేవకు.

అక్క


బర్మామైన్స్
3 జూన్ 2007

అక్కా,

మందు ఇచ్చారు.

క్రిస్టీ కూడా వచ్చింది. నన్ను ఒక్కణ్ణీ పంపితే ఇంకో చీటీ పారేస్తానని భయం కాబోలు. డాక్టరు మూడు చీటీలూ చూసి, ఎర్ర గుర్తు ఉన్నదాన్ని పైకెత్తి, "యే పర్చీ కహా థీ?" అన్నాడు, ఈ చీటీ ఇన్నాళ్ళూ ఎక్కడుందని. "డబ్బే మే, సర్" అన్నాను. ఏ డబ్బా అని అడిగాడు. మా ఫౌండ్రీ పద్ధతి మొత్తం చెప్పాను. అరుస్తాడనుకున్నాను. కళ్ళజోడు తీసి కాసేపు కళ్ళు నులుముకున్నాడంతే. ఆ డాక్టరుని నేను ఏడాదిగా ఎన్ని మాటలన్నానో నీకు తెలుసు. బయట ఇంకా అరవై మంది ఉన్నారు.

మెషీన్ బాగయింది. కొత్త లెక్క 121, శాతం 8. క్షయ ఉందేమోనని ఎక్స్‌రే తీశారు, లేదు. మూడుసార్లు కూర్చోబెట్టి పాఠం చెప్పారు, పూట తప్పకూడదని. నేను షిఫ్టుల మనిషిని, ఫౌండ్రీ సైరన్ కూయగానే మింగుతానని చెప్పాను. మొదటి పదిహేను రోజులూ తిన్నది తిన్నట్టు బయటికొచ్చింది. ఇప్పుడు కొంచెం నయం.

కన్ను రాదట. వెలుతురూ నీడా తెలుస్తాయి గానీ మనిషి మొహం పోల్చలేను. దాంతో ఇంకోటి పోయింది. ఒంటి కంటితో చూస్తే దూరం అంచనా అందడం లేదు. కిందటి వారం గరిటెలో లోహం అచ్చులో పోశాననుకున్నాను, పక్కన పోశాను. హెల్పరు కాలికి బెత్తెడు దూరంలో పడింది. ఉమామహేశ్వర్ గారు నన్ను పక్కకి పిలిచి, "తోమాస్, ఇక ఫర్నేస్ దగ్గరికి రావద్దు, గేటు దగ్గర కూర్చో" అన్నాడు. పనిలోంచి తీసెయ్యలేదు, మంచివాడు. వచ్చే లారీల నంబర్లు రాసుకుంటున్నాను. శాంపిల్ తియ్యడం తప్ప నాకు ఇంకేం వచ్చు అక్కా?

డిసెంబరులోనే ఆ చీటీ చూపించి ఉంటే సర్పి వచ్చేది కాదు కదా అని డాక్టరుని అడిగాను. "పతా నహీ" అన్నాడు, తెలీదని. ఆయన అబద్ధం చెప్పడని నాకిప్పుడు తెలిసింది. అయినా ఎలాగూ వచ్చేదేలే అని ఆ ఒక్క అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది.

తోమాస్


బర్మామైన్స్
20 డిసెంబరు 2007

అక్కా,

ఆగస్టులో నువ్వు రాసినదానికి జవాబు ఇవ్వలేదు. కోపం కాదు. రాయడానికి లారీ నంబర్లు తప్ప ఏమీ లేవు. ఒక్క పూట కూడా మానలేదు, క్రిస్టీ క్యాలెండర్ మీద గీతలు పెడుతోంది. ప్యాంటు కాస్త బిగువైంది, బెల్టు లేకుండానే నిలుస్తోంది. అది కొలత కాదని నాకు తెలుసు.

మందు మొదలుపెట్టి ఆరు నెలలు దాటింది. మొన్న మంగళవారం లెక్క చీటీ ఇచ్చారు. ఆ రోజు మా డాక్టరు సెలవు, మళ్ళీ జనవరి ఎనిమిదిన రమ్మన్నారు. కౌంటర్లో పిల్ల మడిచి ఇచ్చింది. నేను విప్పలేదు. బస్సులో నాలుగు గంటలూ జేబులోనే ఉంది. క్రిస్టీ చూడమంది, చూడలేదు. తనూ చూడలేదు.

దాన్ని కవర్లో పెట్టి అతికించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ధైర్యం లేక కాదు, లేదా అదీ కొంత ఉందేమో. నేను విప్పితే అంకె బాగుంటే నమ్ముతాను, బాగుండకపోతే మెషీన్ది తప్పంటాను. నా సంగతి నాకు తెలిసిపోయింది. పందొమ్మిదేళ్ళు నేను పాసన్నదే పాస్, ఫెయిలన్నదే ఫెయిల్. ఈ ఒక్క శాంపిల్ నా చేతిలో వద్దు.

నువ్వు విప్పు. ఉన్నది ఉన్నట్టు రాయి. జ్వరం లేదు, జలుబు లేదు, రక్తం పొద్దున పదిన్నరకి ఇచ్చాను. ఈసారి నిజం.

తోమాస్


విజయనగరం
27 డిసెంబరు 2007

తమ్ముడూ,

కవరు వంటింట్లో విప్పాను. మీ బావగారు పక్కనే ఉన్నారు. ఆయనకి షుగరు కాదని ఏప్రిల్లోనే చెప్పేశాను, నీకు రాయలేదు.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. లెక్క 117.

మందు మొదలుపెట్టేటప్పుడు 121. అంటే నాలుగు తగ్గింది. ఇక్కడిదాకా చదివి నువ్వు ఉత్తరం కింద పెట్టేసి ఉంటావు. మళ్ళీ తియ్యి.

శాతం 11. నా గ్రాఫు మీద నీ శాతాలు ఇప్పటిదాకా 14, 11, 10, 8. ఏడాదంతా కిందికే దిగాయి. ఇప్పుడు మళ్ళీ 11. గీత మొదటిసారి పైకి తిరిగింది. నువ్వు మింగే మందుల్లో ఒకటి తెల్లకణాలు మొత్తాన్నీ కొంచెం తగ్గిస్తుంది. మొత్తం తగ్గితే ఈ లెక్కా తగ్గినట్టే కనబడుతుంది. కానీ వందలో నీ వంతు పెరిగింది. మందు పట్టింది తమ్ముడూ. గ్రాఫు చూపించి మా పెద్ద డాక్టరమ్మని అడిగాను, ఈసారి నా ఒక్కదాని మాట మీద రాయదలుచుకోలేదు. ఆవిడా అదే అంది. ఆ మందుకి రక్తమూ తగ్గొచ్చు, ఎనిమిదిన వెళ్ళినప్పుడు హిమోగ్లోబిన్ కూడా చూడమని మీ డాక్టరుకి చెప్పు.

పోయిన నెలలు రావు. కన్ను రాదు. వాటికి నా దగ్గర గ్రాఫు లేదు. నిన్ను ఆగమన్న ఆ జనవరి ఉత్తరం నీ దగ్గర ఉంటే చించెయ్యి అని రాద్దామనుకున్నాను. వద్దు, ఉంచు. మూడు చీటీలూ ఉంచినట్టే అదీ ఉంచు.

ఈ 117 చీటీకి నకలు తీసి, అసలుది రిజిస్టర్ పోస్టులో క్రిస్టీ పేరున పంపుతున్నాను. నీ పేరున పంపను. నువ్వైతే దీన్ని చూడగానే ఎర్ర గుర్తు పెట్టి డబ్బాలో పడేసి ఉండేవాడివి. ఇన్నాళ్ళూ మనకి వచ్చిన వాటిలో మంచి చీటీ ఇదొక్కటే.

ప్రిస్సీ పెన్సిలు దానికి ఇచ్చెయ్యి.

అక్క